గడప దాటని గ్యాస్

మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గ్యాస్ సిలిండర్‌ని సిలిండర్ అని పిలిచేది బిల్లు కాగితం ఒక్కటే. మిగతా అందరికీ అది బండ. "బండ అయిపోనాది", "బండ బుక్ సేసినారా?", "బండబ్బాయి ఈ పొద్దు వొస్తాడట". ఈ మాట మా ఒక్కరి సొత్తు కాదు, తెలుగునాట చాలాచోట్ల వినిపిస్తుంది. మోసేవాడికి దాని బరువు తెలుసు, కొనేవాళ్ళకి దాని ధర తెలుసు. లోపలున్నది ఏమిటో, ఎలా నడుచుకుంటుందో చెప్పే మాట మాత్రం మాకు రాలేదు. ఆవిరో గాలో నూనో, ఏదో ఉంటుంది. మండుతుంది. అంతే.

గ్యాస్ పథకాల చరిత్ర రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏ ప్రభుత్వం ఎన్ని కనెక్షన్లిచ్చింది, ఎవరి ఫోటో ఎక్కడుంది అన్నదానికి లెక్కలు దొరుకుతాయి. నాకు ఆసక్తి వంటగది మీద. మా వైపు వంటిళ్ళు వందల ఏళ్ళుగా ఒక రకం గాలి కోసం కట్టినవి. అందులోకి దానికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం ఉన్న ఇంకో గాలి వచ్చి కూర్చుంది. ఆ సంగతి ఇల్లు కట్టినవాళ్ళకీ, బండ ఇచ్చినవాళ్ళకీ, వండుకునేవాళ్ళకీ పెద్దగా తట్టలేదు.

ముందు పాత వంటిల్లు సంగతి చూద్దాం. మా తీరం వెంబడి చుట్టిళ్ళుండేవి, ఇప్పటికీ అక్కడక్కడ మిగిలున్నాయి. గుండ్రటి మట్టి గోడ, మీద గొడుగులాంటి తాటాకు కప్పు, చూరు దాదాపు నేలని తాకేంత కిందికి. తుఫాను గాలి పట్టు దొరక్క పక్కకి జారిపోవాలని ఆ ఏర్పాటు. లోపల పొయ్యి నేలమీదే. పొగ పైకి లేచి, కప్పులో కాసేపు తచ్చాడి, తాటాకుల సందుల్లోంచి మెల్లగా బయటికి ఊరుతుంది. చలికాలం పొద్దున్న దూరం నుంచి చూస్తే ఇల్లు మొత్తం ఆవిర్లు కక్కుతున్నట్టుండేది. ఆ పొగ మూలంగానే తాటాకుకీ వెదురుకీ పురుగు పట్టేది కాదు. కాస్త కలిగినవాళ్ళ పెంకుటిళ్ళలో వంటగది మీద పొగగూడు ఉండేది. అదీ లేకపోతే రెండు పెంకులు ఎత్తిపెట్టిన సందైనా ఉండేది. మొత్తానికి దారంతా పైకే. కింద వైపు మాత్రం కట్టుదిట్టం. వాన నీళ్ళు రాకుండా, పాములూ జెర్రులూ దూరకుండా ఎత్తైన గడప. మూలన గిన్నెలు కడిగిన నీళ్ళు పోవడానికి తూము ఒక్కటే నేలమట్టంలో బయటికి దారి.

ఆ పొగని నేను పొగడబోవడం లేదు. మా నాయనమ్మ తరం ఆడవాళ్ళు గొట్టంతో పొయ్యి ఊదీ ఊదీ నలభై ఏళ్ళకే దగ్గుతో లేచి దగ్గుతో పడుకునేవారు. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కర్రలకి కొండదాకా పోవడం, తాటిమట్టలూ కొబ్బరిమట్టలూ ఏరడం, పిడకలు కొట్టడం, వానాకాలానికి అవి తడవకుండా దాచడం, ఇదంతా వంట మొదలుపెట్టకముందు జరిగే వంట. పార్వతీపురం వైపు కొండల్లోంచి కర్రల మోపులు నెత్తిన పెట్టుకుని సంతకి దిగే గిరిజన స్త్రీలని చూసినవాళ్ళకి పొయ్యి ఖరీదు రూపాయల్లో చెప్పక్కర్లేదు. ఇల్లు ఆ పొగ స్వభావాన్ని ఎరిగి కట్టినదని మాత్రమే నేను చెప్పేది.

ఎనభైల నుంచి పూరిళ్ళ స్థానంలో కాలనీ ఇళ్ళు వచ్చాయి. ఒక గది, చిన్న వరండా, మీద సిమెంటు శ్లాబు. తుఫానుకి నిలబడ్డాయి, నిప్పుకి తగలబడలేదు. ఇది చిన్న విషయం కాదు. కానీ శ్లాబుకి తాటాకు సందులుండవు. కర్రల పొయ్యి పొగ పోయే దారి మూసుకుపోయింది. అదే గదిలోకి కొన్నేళ్ళ తర్వాత బండ వచ్చింది. దానికి కావలసిన దారి నేలమట్టంలో. తూము పోయి సింకు వచ్చింది, గడప మాత్రం అలాగే ఉంది. పైకి పోయేదానికి పైన దారి లేదు, కిందికి పోయేదానికి కింద దారి లేదు.

అసలు ఈ బండలో ఏముంది?

1910లో అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర ఒకాయన, తను కొన్న పెట్రోలు ఇల్లు చేరేలోపు సగం ఆవిరైపోతోందని మొరపెట్టుకున్నాడట. అక్కడి గనుల శాఖలో పనిచేసే వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ పెట్రోలు తెచ్చి పరీక్షించాడు. అందులోంచి తప్పించుకుపోతున్న వాయువుల్లో ప్రొపేన్, బ్యూటేన్ ఉన్నాయని తేల్చాడు. వాటిని ఒత్తిడితో ద్రవంగా మార్చి సీసాలో పట్టే పద్ధతికి 1913లో పేటెంటు వచ్చింది. మనం వాడే వంటగ్యాస్ ఆ రెండింటి మిశ్రమమే.

నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయి. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీలు కిందనే మరుగుతుంది. బ్యూటేన్ సున్నాకి కాస్త దిగువన. మామూలు వేడిమిలో కూడా ఇవి ఎప్పుడో మరిగిపోవలసిన ద్రవాలు. మూత బిగించి ఉంచాం కాబట్టి ఆగి ఉన్నాయి. వాల్వు తిప్పగానే పైన చేరిన ఆవిరి బయటికి పోతుంది, కింద ద్రవం ఇంకొంచెం మరిగి ఆ లోటు పూడుస్తుంది. బండ చివరిదాకా ఒకే తీరుగా మండడానికి కారణం ఇదే. చలిదేశాల్లో బ్యూటేన్ మొరాయిస్తుంది కాబట్టి అక్కడ ప్రొపేన్ ఎక్కువ వాడతారు. మా తీరానికి ఆ బాధ లేదు.

బండలోపలి ఒత్తిడి కాస్త అటూ ఇటూగా లారీ టైరులో గాలి ఒత్తిడంత ఉంటుంది. రెగ్యులేటర్ దాన్ని ఎంతకి తగ్గిస్తుందంటే, ఒక అడుగు లోతు నీళ్ళు అడుగున కలిగించే ఒత్తిడంతకి. పొయ్యికి కావలసింది అంతే. అందుకే ఆ చిన్న డబ్బాని లెక్కచేయకుండా, సుత్తితో కొట్టి బిగించేవాళ్ళని చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

ఇక అసలు సంగతి బరువు. గాలి కన్నా ప్రొపేన్ ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. లీకైన గ్యాస్ పొగలా పైకి పోదు. నేలకి దిగి, నీళ్ళంత కచ్చితంగా కాకపోయినా దాదాపు ఆ తీరులోనే, పల్లం వెతుక్కుంటూ పాకుతుంది. గడప దగ్గర ఆగుతుంది. మూలల్లో, బల్లకింద, గుంటల్లో నిలుస్తుంది. పైన కిటికీ బార్లా తీసి ఉన్నా కింద అది ఉండనే ఉంటుంది. గాలిలో రెండు శాతం దాకా కలిస్తే చాలు, అంటుకోవడానికి సిద్ధం. పది శాతానికి దగ్గరపడితే మరీ చిక్కనై మండదు, కానీ తలుపు తీసి గాలి కలవగానే మళ్ళీ మండే పాళ్ళలోకి వస్తుంది. ద్రవం ఒక లీటరు కారితే రెండువందల యాభై లీటర్లదాకా ఆవిరవుతుంది. ఇంకో లెక్క చెప్తాను. ఒక కిలో గ్యాస్ లీకై సమంగా కలిసిందనుకుంటే పది అడుగుల పొడవు, తొమ్మిది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తున్న గదినంతా పేలే స్థితికి తేగలదు. కాలనీ ఇంటి గది సుమారుగా అంతే. బండలో ఉండేది 14.2 కిలోలు.

దీనికి స్వతహాగా వాసన లేదు. మనకి తెలిసిన ఆ కుళ్ళు వాసన ఇథైల్ మెర్‌కాప్టన్ అనే గంధక పదార్థానిది, కావాలని కలుపుతారు. ఆ పద్ధతి గట్టిపడటం వెనక పిల్లల చావులున్నాయి. 1937 మార్చి 18న టెక్సస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి నేలకింద చేరిన సహజవాయువు పేలి మూడువందల మంది దాకా చనిపోయారు. ఎక్కువమంది బడిపిల్లలు. వాసన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాతే గ్యాస్‌లో వాసన కలపడం చట్టంగా మారుతూ వచ్చింది. మన వంటింట్లో ముక్కు మూసుకునే ఆ కంపు నిజానికి ఒక హెచ్చరిక గంట.

మన దేశంలో వంటగ్యాస్ యాభైల నడుమ బొంబాయిలో బర్మా షెల్ కంపెనీతో మొదలైంది. 1965లో కలకత్తాలో ఇండేన్ వచ్చింది. మా పక్కన విశాఖలో కాల్టెక్స్ వాళ్ళ రిఫైనరీ 1957లోనే మొదలైనా, 1976లో ప్రభుత్వం దాన్ని తీసుకుని 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిపినా, మా ఊళ్ళకి వాటితో సంబంధం దూరం నుంచి కనిపించే గొట్టాలూ మంటలూ మాత్రమే. విజయనగరం కంటోన్మెంటులో ఉద్యోగస్తుల ఇళ్ళలో గ్యాస్ పొయ్యి ఉండటం ఒక హోదా. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. పార్లమెంటు సభ్యులకి గ్యాస్ కనెక్షన్ కూపన్ల కోటా ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కూతురి పెళ్ళికి కనెక్షన్ సంపాదించి పెట్టిన తండ్రి గొప్పవాడు. మిగతావాళ్ళకి ఒత్తుల కిరోసిన్ స్టవ్వు, బొగ్గుల కుంపటి, లేదా రంపపు పొట్టు కూరిన పొట్టుపొయ్యి.

ఆ హోదా కాలంలో బండ గట్టు మీద పొయ్యితో కలిసి వచ్చింది. నిలబడి వండటం అందులో భాగం. గట్టు దర్జా కోసం అనుకున్నాం. గ్యాస్ కిందికి దిగుతుంది కాబట్టి మంట పైన ఉండాలి, అసలు కారణం అది. పొయ్యి ఎప్పుడూ బండ కన్నా ఎత్తులో ఉండాలన్న నియమం అందుకే. ఆ కారణం చెప్పినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. గట్టున్న ఇంట్లో చెప్పకపోయినా గడిచిపోయింది. గట్టు లేని ఇంటికి బండ వచ్చినప్పుడు ఆ చెప్పకపోవడం ఇబ్బంది అయింది.

ఆ కథకి ముందు 1997 ఉంది.

ఆ సంవత్సరం సెప్టెంబరు 14, ఆదివారం. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఓడ నుంచి ఎల్‌పీజీని పెద్ద పెద్ద ఉక్కు గోళాల్లోకి ఎక్కిస్తున్నారు. తెల్లవారుతుండగా లీకైంది. గ్యాస్ మేఘంలా కమ్మింది. ఉదయం ఆరున్నర దాటాక ఎక్కడో నిప్పు తగిలి పేలింది. తర్వాత గోళాలు. అరవై మంది దాకా చనిపోయారు. ఆదివారం కాకపోయి ఉంటే, జనం షిఫ్టుకి దిగే వేళై ఉంటే, ఆ సంఖ్య ఎంతయ్యేదో అని అప్పట్లో అందరూ అనుకున్న మాట. మబ్బులా లేచిన నల్లటి పొగ చూసి నగరంలో జనం కట్టుబట్టలతో బయల్దేరారు. విశాఖలో కాంట్రాక్టు పనులకీ కూలికీ పోయేవాళ్ళలో మా రెండు జిల్లాల వాళ్ళు ఎక్కువ. కాబట్టి అది మాకు పక్క ఊరి వార్త కాలేదు. ఆ సాయంత్రానికి మా ఇంట్లో కూడా చుట్టాలు దిగారు, పిల్లల్ని చంకనేసుకుని, బడిసంచులతో సహా. రిఫైనరీలో పనిచేసే కొడుకు ఫోను కోసం పక్కింటి పెద్దాయన ఎస్టీడీ బూతు దగ్గర రాత్రంతా కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి నడిచొచ్చాడా అబ్బాయి.

పేలుడు అన్న మాట మాత్రమే జనం నోట మిగిలింది. అంతకు ముందు గడిచిన ఆ కాస్త సమయం, గ్యాస్ చప్పుడు లేకుండా నేలబారున పాకిన సమయం, ఎవరి జ్ఞాపకంలోనూ లేదు. వేకువన గాలి నెమ్మదిగా ఉంటుంది, నేల చల్లగా ఉంటుంది, బరువైన ఆవిరి చెదిరిపోదు. ఫ్రాన్సులో ఫేజాఁ అనే చోట 1966 జనవరి 4న సరిగ్గా ఇలాంటి వేళే, ప్రొపేన్ గోళం అడుగు నుంచి నీళ్ళు వదులుతుంటే వాల్వు గడ్డకట్టి మూసుకోలేదు. కారిన గ్యాస్ పాకి దగ్గర్లోని రోడ్డెక్కి అక్కడ ఒక కారు దగ్గర అంటుకుంది. మంట వెనక్కి వచ్చి గోళాన్ని కాల్చింది. పద్దెనిమిది మంది పోయారు. మెక్సికో నగరం పక్కన సాన్ హువాన్ ఇష్వాటెపెక్‌లో 1984 నవంబరు 19న, అదీ తెల్లవారుజామునే, ఐదువందల మంది దాకా. నిప్పు గ్యాస్ దగ్గరికి పోలేదు. గ్యాసే పాక్కుంటూ నిప్పుని వెతుక్కుంది.

విశాఖ అనుభవం తర్వాత ఇంకో దారి కూడా వచ్చింది. రేవు దగ్గర కొండ కింద రాతిని తొలిచి 60,000 టన్నుల ఎల్‌పీజీ పట్టే గుహ కట్టారు. హెచ్‌పీసీఎల్, ఫ్రాన్సుకి చెందిన టోటల్ కలిసి కట్టిన ఈ గుహ 2007లో పనిలోకి వచ్చింది. బండల్లో చెప్పాలంటే సుమారు నలభై రెండు లక్షల బండలకి సరిపడా సరుకు. సముద్రమట్టానికి నూట అరవై మీటర్ల దిగువన, రాతి గోడలకి ఏ ఉక్కు తొడుగూ లేకుండా ఉంటుంది. పట్టి ఉంచేది నీళ్ళు. చుట్టూ రాతి పగుళ్ళలో ఉండే భూగర్భజలం ఒత్తిడి లోపలి గ్యాస్ ఒత్తిడి కన్నా ఎక్కువ. కాబట్టి నీళ్ళు లోపలికి ఊరతాయే తప్ప గ్యాస్ బయటికి రాదు. ఊరిన నీళ్ళని తోడిపోస్తుంటారు. బావి తవ్వే మా ఊరి వడ్డెరలకి ఈ సంగతి చెప్తే ఒక్క నిమిషంలో అర్థం చేసుకున్నారు. ఇంజనీర్లకి చెప్పినప్పుడు ఇంకాస్త టైం పట్టింది.

మళ్ళీ ఇళ్ళలోకి వద్దాం. విశాఖ పేలుడుకి రెండేళ్ళు నిండకముందే, 1999 జూలైలో, చంద్రబాబు ప్రభుత్వం దీపం పథకం మొదలుపెట్టింది. డ్వాక్రా సంఘాల్లో ఉన్న పేద స్త్రీలకి బండ డిపాజిట్టు ప్రభుత్వమే కట్టింది. పొయ్యీ ట్యూబూ వాళ్ళు కొనుక్కోవాలి. అడవి మీద కర్రల భారం తగ్గించడం, ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ కాపాడటం ఉద్దేశాలు. రెండూ మంచివే. దేశమంతటికీ ఉజ్జ్వల వచ్చేది 2016లో, అంతకి పదిహేడేళ్ళ ముందే మా ఊళ్ళలో బండ దిగింది. ఆ గొప్ప ఆ పథకానికి ఇవ్వాల్సిందే.

కానీ బండ ఇంట్లోకి వచ్చాక కర్రల పొయ్యి బయటికి పోలేదు. మా పెద్దప్ప మాటల్లో చెప్పాలంటే, "కూర గేస్ మీద, కూడు కర్రల మీద." చోడి అంబలి గంటసేపు ఉడకాలి. వడ్లు ఉప్పుడు చేయాలి. పశువులకి ఉలవలు ఉడకాలి. స్నానానికి కాగు నీళ్ళు కాగాలి. వీటికి గ్యాస్ కాల్చే ధైర్యం ఎవరికుంది? బండ అయిపోతే ఒక్కసారిగా అంత డబ్బు తీయాలి. కర్రలైతే కాళ్ళ నొప్పులతో కొనుక్కోవచ్చు. నాలుగు నెలలకో బండ, ఆరు నెలలకో బండ వాడే ఇళ్ళు నేను చాలా చూశాను. చుట్టాలొస్తే టీకి, పిల్లాడికి అర్ధరాత్రి పాలకి, వానపడి కర్రలు తడిస్తే అన్నానికి. ఉద్దానంలో 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ పడగొట్టాక, ఆ పడిపోయిన మాన్ల కర్ర కొన్ని ఇళ్ళకి ఏళ్ళపాటు పొయ్యికి సరిపోయింది. బండ మళ్ళీ మూలకి చేరింది.

పేదరికం మీద జాలిపడటానికి ఇది చెప్పడం లేదు. ఒకే గదిలో, ఒకే నేలమీద, రెండు పొయ్యిలు. గట్టు లేదు కాబట్టి గ్యాస్ పొయ్యి కూడా నేలమీదే, పీట వేసుకుని కూర్చుని వండే అలవాటు. పక్కనే నిలువుగా బండ, పొయ్యి కన్నా రెండడుగులు ఎత్తు. కాస్త అవతల రాత్రి కప్పిన నిప్పుతో కర్రల పొయ్యి. ఇంకో మూల దేవుడి పటం ముందు దీపం. లీకైన గ్యాస్ ఏ ఎత్తులో నిలుస్తుందో నిప్పులన్నీ సరిగ్గా ఆ ఎత్తులోనే. పథకానికి దీపం అని పేరు పెట్టినవాళ్ళు ఈ సంగతి ఆలోచించి ఉండరు. గ్యాస్ వాసన వస్తున్న ఇంట్లో మొదట ఉండకూడని వస్తువు అదే.

పథకం కింద బండ తీసుకున్న రోజు మా పెద్దప్పకి నేర్పింది ఏమిటని అడిగాను. "తిప్పడం, ఆపడం. సంతకం ఎట్టడం." కొన్ని ఊళ్ళలో కంపెనీ మనుషులు వచ్చి పొయ్యి వెలిగించి చూపించిన మాట నిజమే. అంతకన్నా ఎక్కువ చెప్పిన చోట్లు కూడా ఉండొచ్చు. అమె ఇంట్లో నేను కూర్చుని చెప్పినవి ఇక్కడ రాస్తాను, ఏ వరసలో గుర్తొస్తే ఆ వరసలో.

బండబ్బాయి తెచ్చినప్పుడు మూత తీయించాలి. వాల్వు లోపల నల్లటి రబ్బరు వాషరు ఉంటుంది. అది చిరిగినా లేకపోయినా రెగ్యులేటర్ పెట్టినా కారుతూనే ఉంటుంది. సబ్బు నీళ్ళు రాసి బుడగలొస్తే చెప్పేయొచ్చు. అగ్గిపుల్ల గీసి చూసే మొగాళ్ళున్నారు, వాళ్ళని ఇంట్లోకి రానివ్వకు. ఆ తెల్ల మూతని తాడుతో బండకే కట్టి ఉంచుతారు. పిల్లలాడుకోడానికి కాదు, రేపు వాల్వే కారితే ఆ మూత బిగిస్తే ఆగుతుంది. బండ మెడ దగ్గర ఇనప పట్టీల మీద లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. బండని మళ్ళీ పరీక్షించాల్సిన గడువు అది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూను దాకా, సి సెప్టెంబరు, డి డిసెంబరు. అంకెలు సంవత్సరం. కొత్త బండకి పదేళ్ళకి, ఆ తర్వాత ఐదేళ్ళకొకసారి పరీక్ష. గడువు దాటినది తెస్తే వెనక్కి పంపు. ఆమె వెంటనే లేచి తన బండ తిప్పి చూసింది. చదువురాదు గానీ అంకెలొచ్చు. "ఇరవయ్యేడు," అంది.

ట్యూబు నారింజ రంగుది, లోపల తీగ అల్లిక ఉన్నది వాడాలి, ఐదేళ్ళకి మార్చాలి. మామూలు రబ్బరు గొట్టాన్ని ఎలక కొరికితే రాత్రంతా కారుతుంది. ఇక గ్యాస్ అయిపోవస్తుంటే బండని పడుకోబెట్టి పిండటం మా వైపు అందరూ చేసే పని. అప్పుడు ఆవిరి బదులు ద్రవమే గొట్టంలోకి వస్తుంది. రెండువందల యాభై రెట్లు వ్యాకోచించే ద్రవం. మంట మోకాలెత్తు లేస్తుంది. పెళ్ళి వంటల్లో పెద్ద పొయ్యిలకి బండ మంచు పట్టిందని వేడినీళ్ళ గంగాళంలో కూర్చోబెట్టడం ఇంకా దారుణం. మంచు పడుతోందంటే లోపల ద్రవం మరగడానికి వేడి చాలడం లేదని అర్థం. ఇంకో బండ కలపాలి. బండలో ఐదో వంతు ఖాళీ ఉంచి నింపేది వేడికి ద్రవం పొంగడానికి చోటుండాలని. ఆ చోటు దాటి వేడిచేస్తే ఆపగలిగేది ఏదీ లేదు.

వాసనొస్తే? స్విచ్ వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు కూడా. రెండింటికీ నిప్పురవ్వ పుడుతుంది. ఫ్యాన్ వద్దు. దీపం, కుంపటి, దోమల చుట్ట ఆర్పేయాలి. రెగ్యులేటర్ ఆపి, తీసి, మూత బిగించాలి. కిటికీ కన్నా ముందు తలుపు, నేలదాకా ఉన్న తలుపు. పెరటి తలుపూ వీధి తలుపూ రెండూ తీస్తే గాలి నేలబారున ఊడ్చుకుపోతుంది. అందరూ బయటికి పోయి, దూరం నుంచి 1906కి ఫోను. గడప ఎత్తుగా ఉంది కాబట్టి మామూలు కన్నా ఎక్కువసేపు ఆగి మరీ లోపలికి రావాలి. ఇక్కడ ఆమె నన్నాపి అడిగింది: "మరి గడపకి కన్నం ఎట్టీమంటావేటి?" గడపకి పసుపు రాసి బొట్టుపెట్టే మనిషి. నేను గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులో, ఒక జాలీ పెట్టించమన్నాను. ఎలకలొస్తాయంది. సన్న జాలీ పెట్టమన్నాను. ఈ చర్చ ఇంకా తేలలేదు.

ఇంటి సంగతి ఇలా ఉంటే రోడ్డు సంగతి ఇంకోటి. విశాఖ నుంచి సికింద్రాబాదు దాకా గెయిల్ వాళ్ళ ఎల్‌పీజీ పైపులైను 2004 నుంచి ఉంది. అది దక్షిణానికి పోతుంది. మా వైపుకి, అంటే ఉత్తరానికి, వచ్చేదంతా పదహారో నంబరు జాతీయ రహదారి మీద లారీల్లోనే. భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఒడిశా దాకా ఊళ్ళ నడుమ నుంచి బుల్లెట్ ట్యాంకర్లు పోతాయి. కేరళలో కన్నూరు దగ్గర చాలా అనే ఊళ్ళో 2012 ఆగస్టు 27 రాత్రి ఒక ట్యాంకర్ డివైడరుకి తగిలి బోల్తాపడి, కారి, అంటుకుని, ఇరవై మంది చనిపోయారు. రోడ్డు పక్క ఇళ్ళలో ఉన్నవాళ్ళూ అందులో ఉన్నారు. లారీ బోల్తాపడితే సరుకు ఏరుకోవడానికి పరిగెత్తే అలవాటు మనకుంది. తెల్లటి మంచులాంటిది నేలబారున కమ్ముతుంటే బండి స్టార్ట్ చేయకుండా, ఫోటో తీయకుండా, గాలికి ఎదురుగా, ఎత్తు వైపు కాలినడకన పోవాలని రోడ్డుపక్క టీకొట్టువాళ్ళకైనా నేర్పడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

2024 నవంబరు 1న దీపం రెండో విడత శ్రీకాకుళం జిల్లాలోనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో మొదలైంది. ముఖ్యమంత్రి ఒక లబ్ధిదారు ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించి టీ పెట్టారు. ఏడాదికి మూడు బండలు ఉచితం. ముందు మనం కడితే తర్వాత ఖాతాలో పడుతుంది. మూడు బండలంటే 42.6 కిలోలు. నలుగురైదుగురున్న ఇంట్లో మూడు పూటలా గ్యాస్ మీదే వండితే బండ నెల, నెలన్నర వస్తుంది. అంటే ఏడాదిలో సగం కూడా గడవదు. మిగిలిన నెలలకి కర్రలే.

అయితే ఈ పాతికేళ్ళలో ఏ పథకంలోనూ లేని ఒక మార్పు మా ఊళ్ళలో దానంతటదే జరిగింది. కర్రల పొయ్యి మెల్లగా ఇంట్లోంచి పెరట్లోకి జరిగింది. శ్లాబు కింద పొగ భరించలేక ఆడవాళ్ళు చేసిన పని అది. నాలుగు గుంజలు పాతి, మీద తాటాకులు కప్పి, కింద పొయ్యి. నీళ్ళు కాగేదీ, వడ్లు ఉడికేదీ, అంబలి కాచేదీ అక్కడ. బండ ఒక్కటే లోపల. గ్యాస్‌కీ నిప్పుకీ మధ్య ఒక గోడ, ఒక గడప, పదడుగుల దూరం వచ్చాయి. మా పెద్దప్ప పెరట్లోనూ అంతే. జూన్ నెలాఖరున వానలు పట్టగానే ఆ తాటాకులు కారడం మొదలుపెడతాయి. అప్పుడు ఆమె ఇనప పొయ్యీ, ఎండు కర్రల మోపూ ఎత్తుకొచ్చి మళ్ళీ బండ పక్కనే పెట్టుకుంటుంది.